చిన్న ఇళ్ళ బ్లాకు

ఆ కాలనీలో అందరూ ఆమెను మేయరమ్మ అనేవారు. ఏ ఎన్నికల్లోనూ నిలబడిన మనిషి కాదు. ముందుగదిలో కుట్టుమిషను వేసుకుని స్కూలు యూనిఫారాలు కుట్టుకుంటూ బతికేది. అయినా వీధిదీపం ఆరిపోతే, కాలువ పొంగితే, చెత్తబండి రావడం మానేస్తే జనం నేరుగా ఆమె కిటికీ దగ్గరికే వచ్చి మొరపెట్టుకునేవారు. మిషను తొక్కుతూనే ఆమె అంతా వినేది. విని, మెడలో కొలతల టేపు కూడా తీయకుండా బయల్దేరి, పని జరిగేదాకా మునిసిపల్ ఆఫీసు మెట్ల మీద కూర్చునేది. "ఆవిడ వస్తోందంటే మా సారు వెనక తలుపు ఎక్కడుందా అని చూస్తారు" అని అక్కడి గుమస్తా ఒకసారి అన్నాడట. ఆ మాట చెవిన పడ్డప్పుడు ఆమె పైకి విసుక్కుంది గానీ, లోపల మాత్రం పొంగిపోయింది.

పెంకుల కప్పు, రెండు గదులు, వెనక కాస్త పెరడు. ఆ ఇంట్లో ఆమె, కొడుకు, కోడలు ఉండేవారు. కొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. భర్త పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది.

ఆమెకు ఒక్కతే చెల్లెలు. కాలనీకి కూతవేటు దూరంలో ఉన్న పెద్దాసుపత్రిలో ఆయాగా పనిచేసేది. రోగులను పక్క మీద తిప్పడం, దుప్పట్లు మార్చడం, స్నానాలు చేయించడం ఆమె పని. ఇల్లు మాత్రం ఊరికి ఆ చివరెక్కడో ఉంది. రెండు బస్సులు మారితే గానీ చేరలేని చోట ఒక అద్దె గది. ఆమె భర్త గోదాములో మూటలెత్తి నడుం పాడుచేసుకుని ఇంటిపట్టునే ఉండేవాడు. పిల్లలు లేరు. అక్క కొడుకే ఆమె చంకలో పెరిగాడు.

డ్యూటీ అయ్యాక సాయంత్రం పూట చెల్లెలు బస్సెక్కేముందు అక్క ఇంటికి వచ్చేది. గుమ్మంలో చెప్పులు విడిచి, కుట్టాల్సిన బట్టల మూట మీద కాళ్ళు చాపుకుని కూర్చునేది.

"ఆ మూట మీద కాళ్ళేంటే? బడిపిల్లల బట్టలవి" అని అక్క కసిరేది.

"చదువుకునే వాళ్ళ బట్టలు కదా, కాస్త పుణ్యం నా కాళ్ళకీ అంటనీ" అనేది చెల్లెలు.

టీ తాగేవారు. వార్డులో కబుర్లు చెప్పుకునేవారు. ఎవరో పెద్దాయన తన పళ్ళసెట్టు పక్కమంచం ఆయన నోట్లో ఉందని గొడవ చేసిన సంగతి చెప్పి చెల్లెలు నవ్వుతుంటే, నవ్వలేక నవ్వలేక అక్క మిషను ఆపేసేది. ఆ అరగంట కోసం తను పొద్దుటినుంచీ ఎదురుచూస్తోందని మేయరమ్మకు తెలియదు. రోజూ దొరికేదాన్ని ఎవరూ లెక్క చూసుకోరు కదా.

కాలనీ వెనక మూతపడ్డ సబ్బుల ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. గోడ పగుళ్ళలోంచి మొక్కలు మొలిచి, పిల్లులకి రాజ్యంగా ఉండేది. ఒకరోజు ఆ గేటు ముందు పెద్ద బోర్డు వెలిసింది. బోర్డు నిండా ఆకాశంలోకి లేచిన మూడు టవర్ల బొమ్మ, వాటి పక్కన కాస్త పొట్టిగా ఇంకో కట్టడం. వందల కుటుంబాలు వస్తాయట. టవర్లలో పెద్ద ఫ్లాట్లు. ఆ పొట్టి కట్టడంలో ఒక్కో పడకగది ఇళ్ళు. చుట్టుపక్కల పనిచేసే చిన్న జీతాల వాళ్ళకోసం కొన్ని ఇళ్ళు కట్టి తీరాలని నిబంధన ఉందట. దాన్నే తర్వాత అందరూ చిన్న ఇళ్ళ బ్లాకు అనడం మొదలుపెట్టారు.

కాలనీ అట్టుడికిపోయింది. ఉన్న నీళ్ళే పైగదుల కుళాయిలకి ఎక్కడం లేదు. వాన పడితే కాలువకీ వీధికీ తేడా తెలియదు. ఎదురెదురుగా రెండు కార్లు వస్తే ఒకటి వెనక్కి పోవాల్సిన దారి. ఇంతమంది వచ్చి పడితే ఏం కావాలి? కాలనీ సంఘం అధ్యక్షుడు రిటైరయిన ఇంజినీరు. ఆయన ఇంటి వరండాలో మీటింగు పెడితే ఇసుక వేస్తే రాలనంత జనం వచ్చారు.

"మనం అపార్టుమెంట్లకి వ్యతిరేకం కాదు. ఇంతింత జనానికి ఈ ఇరుకు రోడ్డు చాలదు, అంతే. ఈ మాట గట్టిగా చెప్పే గొంతు కావాలి" అన్నాడాయన.

తలలన్నీ మేయరమ్మ వైపు తిరిగాయి.

ఆమెను ఎవరూ బతిమాలనక్కర్లేదు. ఆ రోడ్డుతో ఆమెకు పాత పగ ఉంది. భర్తకు గుండెపోటు వచ్చిన రోజు అంబులెన్సు వీధి మొదట్లోనే ఆగిపోయింది. ఎవరో ఇల్లు మారుతూ సామాన్ల లారీని అడ్డంగా పెట్టారు. డ్రైవరు కనపడలేదు. ఆ సమయానికి చెల్లెలు ఇంట్లోనే ఉంది. నలుగురు కలిసి ఆయన్ని దుప్పట్లో వేసుకుని, ఆ లారీ పక్కనుంచి గోడకి రాసుకుంటూ మోసుకెళ్ళారు. ఆసుపత్రిలో డాక్టరు, "కాస్త ముందు తెచ్చి ఉంటే" అని ఆగిపోయాడు. ఆ ఆగిపోయిన మాట మేయరమ్మ గుండెలో ముల్లులా ఉండిపోయింది.

"నేను మాట్లాడతాను" అంది.

ఇంటికొచ్చి చెబితే కొడుకు తల పట్టుకున్నాడు. "అమ్మా, లిఫ్టుల మీద బతికేవాడి తల్లివి నువ్వు. మేడలొద్దంటే నేను నిచ్చెనలు బాగుచేసుకోవాలా?"

"మీ నాన్నని మోసుకెళ్ళిన దారిరా అది" అంది ఆమె. 

ఆ వారమంతా ముందుగదిలో యూనిఫారాల పని పక్కకు పోయింది. నేల మీద పొడుగాటి గుడ్డలు పరిచి, వీధి ఆడవాళ్ళంతా చేరి బ్యానర్లు రాస్తున్నారు. అలాంటి ఒక సాయంత్రం చెల్లెలు వచ్చింది. మామూలుగా అలసిపోయి వాలిపోయే మొహం ఆవేళ వెలుగుతోంది. చెప్పులు విడుస్తూనే "అక్కా, నీకో మాట చెప్పాలి" అంది.

"ఆగవే, అదంతా తర్వాత. ముందీ కుంచె పట్టుకో. మా అందరివీ కోడికెలుకుళ్ళు. నీ చేతిరాత ముత్యాల్లా ఉంటుంది" అని అక్క రంగు డబ్బా ముందుకు తోసింది.

చెల్లెలు నేల మీదున్న గుడ్డకేసి చూసింది. "ఏం రాయాలి?"

"'ఈ ఇరుకులో ఇంకా ఇళ్ళా? మాకొద్దు!' అని రాయి. 'మాకొద్దు' మాత్రం ఎర్రరంగులో."

చెల్లెలు కుంచెను రంగులో ముంచింది. తర్వాత వంగి రాయడం మొదలుపెట్టింది. ఒక్క అక్షరం కూడా వంకర పోలేదు. 'మాకొద్దు' దగ్గరికి వచ్చేసరికి రంగు ఆరిందంటూ కుంచెను చాలాసేపు కడిగింది. అంతా అయ్యాక వీధి ఆడవాళ్ళు భలే రాసిందని మెచ్చుకున్నారు.

"ఏదో చెప్పాలన్నావు?" అని అప్పుడు అడిగింది అక్క.

"ఏం లేదులే. బస్సు పోతుంది" అని ఆమె లేచింది. టీ కూడా తాగలేదు. మరిదికి నడుంనొప్పి తగ్గిందని చెప్పబోయి ఉంటుందిలే అనుకుంది మేయరమ్మ. మళ్ళీ బ్యానర్ల మీద పడింది.

అభ్యంతరాలు వినే రోజున పక్కవీధి స్కూలు హాల్లో అధికారులు కూర్చున్నారు. మేయరమ్మ ముందురోజే చెల్లెలికి, "నువ్వూ రావే. జనం నిండుగా కనపడాలి" అని చెప్పింది. డ్యూటీలోంచే వచ్చిందేమో, ఆమె ఆసుపత్రి యూనిఫారంతోనే చివరి వరసలో కూర్చుని ఉంది. అక్క దూరంనుంచి చెయ్యి ఊపింది. చెల్లెలు కూడా ఊపింది.

ముందు ఇంజినీరు మాట్లాడాడు. ఆయన నీళ్ళ సంగతీ మురుగు సంగతీ చెబుతుంటే కొందరు ఆవలించారు. తర్వాత మేయరమ్మ మైకు తీసుకుంది.

భర్త పోయిన రోజు గురించి చెప్పింది. లారీ, దుప్పటి, గోడకి రాసుకుపోయిన తన మోచెయ్యి, డాక్టరు మధ్యలో ఆపేసిన మాట. హాలు హాలంతా ఊపిరి బిగబట్టింది. ముందువరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. అధికారి కూడా కలం కిందపెట్టి విన్నాడు. అక్కడితో ఆపేసి కూర్చుని ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది. కానీ చప్పట్లు మోగాయి. చప్పట్లు మోగితే మనిషికి ఇంకో మాట అనాలనిపిస్తుంది.

"పెద్ద ఫ్లాట్ల వాళ్ళంటే సరే, వాళ్ళ గేటు వాళ్ళకుంటుంది. మరి ఆ చిన్న ఇళ్ళ బ్లాకు సంగతేంటి?" అందామె. గొంతు తనంత తనే పెరిగింది. "ఒక్కో గదిలో ఎంతమంది దూరతారో! ఎక్కణ్ణుంచి వస్తారో, ఎలాంటివాళ్ళో మనకేం తెలుసు? మన పిల్లలు ఆడుకునే వీధండీ ఇది!"

ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి. ఎవరో ఈల కూడా వేశారు.

అధికారి కాగితాలు సర్దుకుంటూ, ఆనవాయితీగా అడగాలి కాబట్టి అన్నట్టు, "అనుకూలంగా మాట్లాడేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అన్నాడు.

ఎవరూ లేరనుకుని జనం లేవబోతున్నారు. చివరి వరసలోంచి, "నేనున్నానండీ" అని వినపడింది.

ఆ గొంతు ఎవరిదో తెలియడానికి మేయరమ్మ తల తిప్పి చూడనక్కర్లేదు. అయినా చూసింది. చెల్లెలు లేచి నిలబడి, ముందు కుర్చీ వీపును రెండు చేతులతో పట్టుకుని ఉంది. ఎవరో మైకు అందించబోతే వద్దంది.

"నేను ఆసుపత్రిలో ఆయానండీ. ఆ చిన్న ఇళ్ళ బ్లాకులో ఒక ఇంటికి నా పేరు రాయించుకున్నాను. ఇందాక మాట్లాడినావిడ మా అక్క."

హాల్లో గుసగుస బయల్దేరి, వెంటనే అణిగిపోయింది.

"మా అక్క రోడ్డు గురించి చెప్పింది నిజమే. మా బావగారిని మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను. రోడ్డు వెడల్పు చేయమనండి, నీళ్ళు తెమ్మనండి, నేను కాదనను. కానీ ఎలాంటివాళ్ళో తెలీదన్నారు..." ఆమె ఒకసారి హాలంతా కలయజూసింది. "మీలో చాలామందికి నేను తెలుసు. మీ అమ్మలకీ నాన్నలకీ నేను స్నానాలు చేయించాను. పొద్దున్నించీ సాయంత్రందాకా ఇక్కడే ఉంటాను కదండీ. రాత్రికి కూడా ఇక్కడే ఉంటే బావుంటుందనిపించింది. అంతేనండీ."

ఆమె కూర్చుంది.

కత్తివేటుకి నెత్తురుచుక్క లేకుండా నిలబడిపోయింది మేయరమ్మ. కుంచె కడుగుతున్న చెల్లెలి చేతులు కళ్ళముందు కదిలాయి. ఇంజినీరు ఆమె వైపు వంగి, "ఏదో ఒకటి అనండమ్మా. ఇలా వదిలేస్తే ఇన్నాళ్ళ కష్టం బూడిదలో పోసినట్టవుతుంది" అని గొణిగాడు. హాలంతా తనవైపే చూస్తోంది. రోజూ కిటికీ దగ్గర నిలబడి తనను నమ్ముకున్న మొహాలే అవన్నీ.

ఆమె మళ్ళీ మైకు తీసుకుంది.

"మా చెల్లెలంటే నాకు ప్రాణం. కానీ ఇది మా ఇంటి వ్యవహారం కాదు. కాలనీ మాట కాలనీదే. మా అభ్యంతరం మారలేదండీ" అంది.

అధికారి రాసుకున్నాడు. మైకు పెట్టి ఆమె వెనక్కి తిరిగేసరికి చివరి వరసలో కుర్చీ ఖాళీగా ఉంది.

ఆ సాయంత్రం కొడుకు పనినుంచి వచ్చి, "పిన్ని రాలేదా?" అని అడిగాడు. కోడలు జరిగింది చెప్పింది.  "కాలు జారితే..." అని ఏదో అనబోయాడు.

"నీతులు చెప్పకురా" అంది తల్లి. "దానికి ముందే చెప్పడానికి నోరు లేదా? సొంత అక్కని పదిమందిలో నిలబెట్టి పరువు తీస్తుందా?"

వాడు తల్లిని చూశాడు. "పరువు పోయింది నీదా, పిన్నిదా?" అని లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడు సాయంత్రం ఆమె రెండు గ్లాసులు పెట్టుకుని కూర్చుంది. చెల్లెలు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. కోపం రెండురోజులు నిలిచింది. ఆ తర్వాత కోపం ఉండాల్సిన చోట భయం వచ్చి కూర్చుంది. ఎంత గొడవపడ్డా తెల్లారేసరికి మర్చిపోయే అక్కచెల్లెళ్ళు వాళ్ళు. చిన్నప్పుడు ఒకే దుప్పటి కోసం కొట్టుకుని, ఆఖరికి ఆ దుప్పట్లోనే నిద్రపోయేవారు.

ఒకరోజు మిషను ఆపేసి, ఆసుపత్రి దగ్గరి బస్టాపుకు వెళ్ళింది. చెల్లెలు బెంచీ చివర చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. అక్కను చూసి పక్కకి జరిగింది. ఆమె కూర్చుంది.

"ఎందుకు చెప్పలేదే నాకు?"

"చెప్పడానికే వచ్చానక్కా ఆ రోజు. నువ్వు కుంచె ఇచ్చావు."

"ఒక్క మాట అనుంటే కుంచె లాగేసుకునేదాన్ని కదే!"

"నీ మొహం చూశాక అనబుద్ధి కాలేదు. ఎంత హుషారుగా ఉన్నావో! బావ పోయాక అంత హుషారుగా నిన్ను ఎప్పుడూ చూడలేదు."

 "నిన్ననుకుని అన్నానా ఆ మాట? ఎవరో వస్తారనుకుని నోరు జారాను. నీ గురించి అంటానా?" అంది మేయరమ్మ.

"తెలుసక్కా. మొదటిసారి తెలియక అన్నావు. దానికి నాకు బాధ లేదు." చెల్లెలు బస్సు వచ్చే దారివైపు చూస్తూ అంది. "రెండోసారి మైకు తీసుకున్నావు చూడు. అప్పటికి నీకు తెలుసు."

బస్సు వచ్చింది. చెల్లెలు అక్క భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, ఎక్కేసింది. కిటికీలోంచి చూసి తల ఊపింది కూడా. కోపంగా మొహం తిప్పుకుని ఉంటే బావుండేదని మేయరమ్మకు అనిపించింది. కోపమైతే ఎప్పటికైనా తగ్గుతుంది.

అక్కణ్ణుంచి ఆమె నేరుగా ఇంజినీరు ఇంటికి వెళ్ళింది. ఆయన మొక్కలకు నీళ్ళు పోస్తున్నాడు.

"టవర్లు తగ్గించమందాం. ఆ చిన్న ఇళ్ళ బ్లాకు మాత్రం ఉంచమని రాసిద్దాం" అంది.

ఆయన గొట్టం పక్కన పడేసి కుళాయి కట్టేశాడు. మనిషి చెడ్డవాడు కాదు. "కూర్చోండమ్మా" అన్నాడు. "మనం ఏం అడిగాం? జనాన్ని తగ్గించమన్నాం. జనం ఎక్కువున్నది ఆ బ్లాకులోనే. బిల్డరుకి లాభం లేనిదీ ఆ బ్లాకే. ఎక్కడ కోస్తారో నాకు ఆ రోజే తెలుసు. మీకూ తెలుసనుకున్నాను."

"నాకు తెలీదు" అందామె.

"ఇప్పుడు మాట మారిస్తే మొత్తం కేసే పోతుంది. ఇంతమంది మిమ్మల్ని నమ్ముకున్నారు. ఒక్క మనిషికోసం..." ఆయన ఆ మాట పూర్తి చెయ్యలేదు. చెయ్యనక్కర్లేదు కూడా. ఆ ఒక్క మనిషి ఎవరో ఇద్దరికీ తెలుసు.

ఆయన్ని నమ్ముకోకుండా తనే ఆఫీసుకు వెళ్ళింది. ఎప్పటిలాగే మెట్ల మీద కూర్చుంది. ఈసారి ఎవరూ వెనక తలుపు వెతుక్కోలేదు. అధికారి తనే బయటికి వచ్చి, కుర్చీ వేయించి, మంచినీళ్ళు ఇప్పించి చెప్పాడు: "అభ్యంతరాలు తీసుకునే గడువు అయిపోయిందండీ. నిజం చెప్పాలంటే అన్నిట్లోకీ మీరు చెప్పిందే బలంగా ఉంది. మీ ఆయన విషయం విన్నాక మా కమిటీలో ఎవరూ కాదనలేకపోయారు."

ఇంటికి నడిచి వస్తున్నంతసేపూ ఆ మాటే చెవుల్లో మోగింది. చచ్చిపోయిన మనిషిని అడ్డం పెట్టి, బతికున్న మనిషి ఇంటిని ఆపానా అనుకుంది. కాదు, రోడ్డు ఇరుకే, అది నిజమే కదా అని తనకు తనే జవాబు చెప్పుకుంది. రెండూ నిజమే. రెండు నిజాల మధ్య నలిగి, ఆమె ఆ రోజు ఇల్లు దాటిపోయి వీధి చివరిదాకా నడిచింది. గమనించుకుని వెనక్కి వచ్చింది.

తీర్పు వచ్చిన రోజు కాలనీలో సంబరమే సంబరం. టవర్లకు కొన్ని అంతస్తులు తగ్గించారు. చిన్న ఇళ్ళ బ్లాకును ప్లానులోంచి పూర్తిగా తీసేశారు. ఆ ఇళ్ళను బిల్డరు ఊరి బయట ఇంకెక్కడో కట్టిస్తాడట, ఎప్పుడో. వీధిలో కుర్చీలు వేసి, పాటలు పెట్టి, "మన మేయరమ్మ ఎక్కడ?" అని కేకలేశారు. ఆమె తలనొప్పని తలుపు వేసుకుని పడుకుంది. పిల్లలు కిటికీ చువ్వలు పట్టుకుని "మేయరమ్మా, మేయరమ్మా" అని పిలుస్తుంటే, దిండు చెవుల మీద పెట్టుకుంది. ఇన్నాళ్ళూ బిరుదులా ఉన్న పేరు అప్పుడు తిట్టులా వినపడింది.

కొన్నాళ్ళకి కొడుకు చెప్పాడు, పిన్ని ఆసుపత్రి మానేసిందని. ఊరికి ఇంకా అవతల వృద్ధాశ్రమంలో పని దొరికిందట. అక్కడే ఒక గది ఇచ్చారట. జీతం తక్కువే గానీ బస్సులు మారనక్కర్లేదట.

"నీకెవరు చెప్పారు?"

"సామాన్లు నేనే చేరవేశాను" అన్నాడు వాడు నేల చూపులు చూస్తూ. "నీకు చెప్పొద్దంది. నువ్వు పరుగెత్తుకొచ్చి ఏడిస్తే తను వెళ్ళలేనంది."

మేడలు లేచాయి. కాలనీ గెలిచిందన్నారు గానీ, పెద్ద ఫ్లాట్ల వాళ్ళకి ఇంటికి రెండేసి కార్లు. ఇరుకు వీధి ఇంకా ఇరుకయింది. చిన్న ఇళ్ళ బ్లాకు లేవాల్సిన చోట కార్లు పెట్టుకునే స్థలం కట్టారు. మధ్యాహ్నం దాటితే మేయరమ్మ పెరట్లోకి ఎండ రావడం మానేసింది. ఉతికిన బట్టలు ఆరేవి కావు. కొడుక్కి ఆ టవర్లలోనే లిఫ్టుల పని దొరికింది. ఎవరైనా కిటికీ దగ్గరికి వచ్చి వీధి బాగోగులు చెప్పబోతే ఆమె మిషను తొక్కుతూనే, "ఇంజినీరుగారికి చెప్పండి" అనేది. మెల్లమెల్లగా రావడం మానేశారు.

ఒకరోజు ధైర్యం చేసుకుని చెల్లెల్ని చూడ్డానికి వెళ్ళింది. చాలా దూరం. వృద్ధాశ్రమం వెనక, వంటగదికి ఆనుకుని ఒక గది. శుభ్రంగా ఉంది. చిన్న కిటికీలోంచి ముసలివాళ్ళు ఎండలో కూర్చున్న చోటు కనపడుతోంది.

"రండి వదినగారూ" అంటూ మరిది మంచం మీదనుంచి లేవబోయి నడుం పట్టుకున్నాడు. చెల్లెలు ఉన్న ఒక్క కుర్చీని తుడిచి అక్కకు వేసింది. కొత్త గ్లాసులో టీ పోసి, కింద పళ్ళెం పెట్టి ఇచ్చింది. "ప్రయాణం బాగా జరిగిందా? బస్సులో సీటు దొరికిందా? కోడలు కులాసాయేనా?" అని అడిగింది. తను మంచం అంచున, కాళ్ళు కిందకు పెట్టుకుని కూర్చుంది.

మర్యాదలో ఏ లోటూ చెయ్యలేదు. మేయరమ్మ ప్రాణం తీసింది ఆ మర్యాదే. చెల్లెలు తనను ఎప్పుడూ కుర్చీలో కూర్చోబెట్టలేదు, ఎప్పుడూ పళ్ళెం పెట్టలేదు. ఆ గదిలో ఆమె చుట్టం.

"ఇక్కడ పని ఎలా ఉందే?" అంది.

"బావుందక్కా. ముసలివాళ్ళు కదా, ఒకరికొకరం అలవాటైపోయాం."

"నవ్వించేవాళ్ళు ఉన్నారా?"

చెల్లెలు కాస్త ఆలోచించింది. "ఉన్నారులే" అంది. కానీ ఏ కబురూ చెప్పలేదు.

టీ అయిపోయింది. గ్లాసు పట్టుకుని మేయరమ్మ ఎంతో కూడబలుక్కుని, "నా ఇంటికి వచ్చెయ్యండే ఇద్దరూ. ముందుగదిలో మిషను తీసేస్తాను. సర్దుకుందాం" అంది.

"కొడుకూ కోడలూ ఉన్న ఇల్లు. రేపు పిల్లలు పుడతారు. ఉన్న రెండు గదుల్లో ఎక్కడక్కా?" చెల్లెలు మెత్తగానే అంది. "ఇరుకైపోతుంది."

ఎత్తిపొడవాలని అన్న మాట కాదది. చెల్లెలి మొహంలో అలాంటిదేమీ లేదు. అయినా ఆ మాట అన్నాక ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేకపోయారు. మరిది గొంతు సవరించుకుని, వానలు ఈసారి ఆలస్యమన్నాడు.

మధ్యాహ్నం డ్యూటీకి వేళైందంటూ చెల్లెలు లేచి, అక్కను బస్టాపుదాకా దిగబెట్టింది. దారిలో ఒక ముసలావిడ కర్రతో ఎదురొచ్చి, "ఎవరమ్మా ఈవిడ?" అని అడిగింది.

"మా అక్కండీ" అంది చెల్లెలు.

ఆ ఒక్క మాటకే మేయరమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. స్కూలు హాల్లో కూడా సరిగ్గా ఆ మాటే అందామె.

బస్సు వచ్చి ఆగింది. మెట్టు మీద కాలుపెట్టి మేయరమ్మ వెనక్కి తిరిగింది. "ఎప్పుడొస్తావే ఇంటికి?"

"వీలు చూసుకుని వస్తాలే అక్కా" అంది చెల్లెలు. "జాగ్రత్తగా వెళ్ళు."

ఇన్నేళ్ళలో తన ఇంటికి రావడానికి చెల్లెలు వీలు చూసుకోవడం ఎప్పుడూ లేదు. సీట్లో కూర్చుని కిటికీలోంచి చూసేసరికి చెల్లెలు అప్పటికే వెనుదిరిగి, డ్యూటీ వేళ దాటుతోందేమో, గబగబా నడుస్తోంది. బస్సు మలుపు తిరిగేదాకా మేయరమ్మ ఆ వీపునే చూసింది. కండక్టరు వచ్చి "ఎక్కడికమ్మా?" అని రెండుసార్లు అడిగాక గానీ ఆమెకు వినపడలేదు.